పక్కింటావిడ ఇచ్చిన చోటు

డెబ్భైల చివర్లో టెక్సస్‌లో మేం కాపురం పెట్టిన చిన్న ఊళ్ళో, కొత్తవాళ్ళని మొట్టమొదట అడిగే ప్రశ్న "మీరు ఏ చర్చికి వెళ్తారు?" అని. మన దగ్గర ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగినట్టే. పెళ్ళీ, చావూ, బుధవారం సాయంత్రం అందరూ కలిసి తినే భోజనం, అన్నీ చర్చిలోనే. మేం ఏ చర్చికీ వెళ్ళమని తెలిశాక కూడా మా గడప తొక్కింది పక్కింటి ముసలావిడ ఒక్కతే. భర్త పోయి ఒంటరిగా ఉండేది. బుధవారాలు నన్ను వెంటబెట్టుకుని భోజనానికి తీసుకెళ్ళేది. నా పులిహోర ఎవరూ ముట్టకపోతే తనే మళ్ళీ మళ్ళీ వడ్డించుకునేది.

నెలలు నిండాక నాకు ఆడపిల్ల పుట్టింది. ఊపిరి లేదు.

"పసిబిడ్డని పూడ్చిపెట్టాలి కదా. ప్లేస్ గురించి పాస్టర్‌తో నేను మాట్లాడతాను, నువ్వు రెస్ట్ తీసుకో," అన్నారు మావారు. ఊళ్ళో శ్మశానం కూడా చర్చిదే. అక్కడ సభ్యులకే చోటని చర్చి పెద్దలు చెప్పారు. ఎంతో మర్యాదగా, కాఫీ ఇచ్చి మరీ చెప్పారు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంగతి విని ముసలావిడ తిన్నగా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. భర్త సమాధి పక్కనే ఆవిడ కోసం ఉంచిన చోటుంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఒకే రాయి మీద ఇద్దరి పేర్లూ ముందే చెక్కించారు. ఆవిడ చనిపోయే సంవత్సరం మాత్రం ఖాళీ. "నా చోటు ఎవరికిస్తానో నా ఇష్టం," అందట. పాపకి వేరే రాయి పెట్టకూడదన్న షరతు మీద పెద్దలు ఒప్పుకున్నారు.

పూడ్చేముందు పాస్టర్ పాప పేరడిగాడు. బారసాల కాందే మనం పేరు పెట్టం. "ఇంకా పెట్టలేదండీ," అన్నాను. ఆయన "ఈ బిడ్డ" అంటూనే ప్రార్థన ముగించాడు.

మేం ఇర్వింగ్ అనే ఊరికి మారిన కొన్నేళ్ళకి ముసలావిడ పోయిందని కబురొచ్చింది. కార్లో వెళ్ళాం. పాపని కదపొద్దని చెప్పి పోయిందట. అందుకని ఆవిడని భర్తకి దూరంగా, గేటు దగ్గర కొత్త వరసలో పెట్టారు.

తరవాత పాప దగ్గరికి వెళ్ళాను. పాత రాయి మీద ఆవిడ పేరు అలాగే ఉంది. ఎవరో దూరపు చుట్టం, ఆవిడ అక్కడే ఉందనుకుని, తెల్లపూలు పెట్టి వెళ్ళారు. మేం కాక నా కూతురి మీద ఇంకొకరు పూలు పెట్టడం ఆ ఒక్కసారే చూశాను. అవీ దాని కోసం తెచ్చినవి కావు.