చిన్నమ్మ చెప్పిన సాక్ష్యం

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నాకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. చేరేముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుందన్నారు. మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అని అడిగితే లేదని రాసిచ్చాను. ఉందని నాకు తోచనే లేదు.

వారం తిరక్కముందే సిద్దిపేటలో మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చాడు. గల్లీలో బండి ఆపి, వాకిట్లోనే నిలబడి అడిగాడు.

"కొట్లాట కేసుల పేరున్నది నీదేనా అమ్మా?"

ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్న చేతులు ఆగిపోయాయి. అమ్మ గబగబా లోపల కుర్చీ వేసి, "లోపటికి రా సారూ, గాడనే నిలబడ్డవేంది" అంది. ఆయన కదల్లేదు.

కొన్నేళ్ల కింద ఉమ్మడి గోడ గురించి బాపుకూ, ఆయన తమ్ముడు, పక్కింట్లో ఉండే బాబాయికీ గొడవైంది. తోపులాటలో చిన్నమ్మ పడిపోయి చెయ్యి విరిగింది. ఆమె కేసు పెట్టి, మా ఇంట్లో అందరి పేర్లూ రాయించింది. ఆ రోజు నేను స్నేహితురాళ్లతో వర్గల్ గుడికి వెళ్లాను. తర్వాత పెద్దమనుషులు రాజీ కుదిర్చారు. కోర్టులో బాపు చూపిన చోట నేనూ సంతకం పెట్టాను. "రాజీ అయింది బిడ్డా, ఇగ కేసే లేదు" అన్నాడు బాపు. అదే నమ్మాను. ఆ ఇంటితో మాత్రం మాకు మాటలు లేవు.

"రాజీ అయినా రికార్డుల పేరుంటదమ్మా" అన్నాడు కానిస్టేబుల్. "పేరున్నంత మాత్రాన తప్పు చేసినట్టు గాదు. రాజీ అయినట్టు కోర్టు కాపీ తెచ్చియ్యి. లేదని ఎందుకు రాసినవో ఆసుపత్రోళ్లకు నువ్వే చెప్పుకో. లేకుంటే దాచినవనుకుంటరు."

తర్వాత చుట్టుపక్కల వాళ్లను అడగాలంటూ చిన్నమ్మ వాళ్ల గేటు తట్టాడు.

"అయిపాయె. నీ నౌకరి దాని నోట్ల వడ్డది" అంది అమ్మ. నేను తలుపు చాటుకు పోయాను.

చిన్నమ్మ బయటికొచ్చింది. పిల్ల ఎట్లాంటిదని అడిగాడాయన.

"మంచి పిల్ల సారూ. ఆనాడు అసలు ఇంట్లనే లేకుండె. ఎక్కువ మందిని రాయిస్తె కేసు గట్టిగుంటదని ఎవరో అంటె, కోపంల నేనే దీని పేరు రాయించిన. తప్పు నాది. గట్లనే రాసుకోండ్రి."

గల్లీ అంతా వినేలా చెప్పింది. తలుపు వెనక నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆమె నన్ను ముంచుతుందనే అప్పటిదాకా అనుకున్నాను.

ఆసుపత్రి ఆఫీసులో ఒకావిడకు ఫోన్‌లో జరిగిందంతా చెప్పాను. "కేసుంటే ఇబ్బంది లేదమ్మా, లేదనడమే ఇబ్బంది. చదువుకున్నదానివి, దేనిమీద సంతకం పెడుతున్నావో చూసుకోవా?" అంది. కోర్టు కాపీ పంపాక, కొంచెం ఆలస్యంగా చేర్చుకున్నారు.

బయల్దేరే ముందు ఒక్కదాన్నే చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ రానంది. నాలుగు మంచి మాటలు మనసులో కూర్చుకునే పోయాను. చిన్నమ్మ ఎడమ చేత్తో చాయ్ పోస్తోంది. విరిగిన కుడి మణికట్టు సరిగ్గా అతకలేదు, గిన్నె బరువు మోయదు. ఇన్నేళ్లూ పక్కపక్క ఇళ్లలోనే ఉండి, ఆ చెయ్యి ఎట్లుందని మాలో ఒక్కరం అడగలేదు.

కూర్చుకున్న మాటలు వదిలేసి, ఆమె చేతిలోని గిన్నె అందుకుని మిగతా చాయ్ నేనే పోశాను.

"తాగు బిడ్డా, సల్లారుతది" అంది చిన్నమ్మ.