మాటల కోసం ఉంచిన కరెంటు

మన వీధి చివర టెలిఫోన్ బూత్ నడిపిన పిన్నిగారు సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. పెద్దకార్యం నాటి సాయంత్రం బూత్ ముందు సంస్మరణ సభ పెడుతున్నారనీ, కరెంటు పోయినా ఆగకుండా మైకుకీ లైట్లకీ ఫ్యాన్లకీ ఆవిడ యూపీఎస్ నుంచే ఎక్స్‌టెన్షన్ బాక్సులతో వైర్లు లాగుతారనీ నిన్న తెలిసింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆ యూపీఎస్ మీరంతా చూసిందే. బల్ల కింద, చెప్పుల పెట్టెంత ఉండేది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టేవారు. దానికి బిల్లు మీటరు, చిన్న ప్రింటరు, అంతే. కరెంటు లేకపోయినా మీటరు నడిస్తేనే కదా ఫోను చేసుకునేది. ఎండాకాలం తన కోసం చిన్న ఫ్యానైనా తగిలించుకోలేదు. విసనకర్రతో విసురుకుంటూ, ఫోన్లో ఉన్నవాళ్లకీ విసిరేవారు. నాకూ విసిరారు.

క్రికెట్ రోజుల్లో పక్క కొట్టు టైలర్ గారు టీవీకి వైరు అడిగేవారు.

“ఆఖరి పది ఓవర్లేనండి అక్కగారూ!”

“రెండో ఓవర్‌కే మా డబ్బా ఆలౌటండి. అది మాటల కోసం పెట్టింది, మీ సిక్సర్ల కోసం కాదు.”

“మీకన్నా మా ఆవిడే నయం. అడిగితే కాఫీ అయినా ఇస్తుంది.”

“అయితే టీవీ కూడా ఆవిడకే తగిలించండి.”

ఒక శుక్రవారం పిన్నిగారు బజారుకెళ్లారు. బూత్‌లో ఆవిడ భర్త బాబాయిగారు కూర్చున్నారు. ఆయనకి క్రికెట్ పిచ్చి. మా అమ్మ అప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో వంటకి ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం కాసేపే ఫోను దగ్గర ఉండనిచ్చేవారు. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. టెన్త్ పాసయ్యాను. నాన్న ఇక చాలన్నారు. కాలేజీలో చేరడం అమ్మ మాట మీద ఉంది.

“అమ్మా, ఫస్ట్ క్లాసు...” అన్నానో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌మని ఆగిపోయింది. దాంతో మీటరూ, లైనూ పోయాయి. చూస్తే బాబాయిగారు దానికి తగిలించనిచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో టీవీ ప్లగ్గు ఉంది, పక్కనే టైలర్ గారి ఇస్త్రీ పెట్టె ఉంది. మ్యాచ్ చూస్తూ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నారాయన.

అప్పుడే వచ్చిన పిన్నిగారు యూపీఎస్ ఆపి, గోడ ప్లగ్గు పీకేశారు. చాప కింద చుట్ట చుట్టి పడేసిన వైరు ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేశారు. చాప అడుగున నల్లగా కమిలింది. కూరల సంచి అక్కడే వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు.

“పదవే, స్టేషన్ దగ్గర బూత్‌కి పోదాం. మీ అమ్మ ఇంకా ఫోను పక్కనే ఉంటుంది.”

రిక్షాలో దారంతా నా కన్నా ఆవిడే కంగారుపడ్డారు. అక్కడ కరెంటు ఉంది. అమ్మ మొదటి రింగుకే ఎత్తింది. “చేరు” అంది.

సభ ఏర్పాట్లు చూస్తున్నవాళ్లది ప్రేమేనని నాకు తెలుసు. కానీ పాతబడిన ఆ యూపీఎస్ మీద అంత బరువు వేసి, బాక్సుకి బాక్సు తగిలించి, ఆ వైర్లని తివాచీల కింద దాచి, పైన పిల్లల్ని కూర్చోబెట్టొద్దండి. సభ ఉదయం పెట్టుకుందాం. సాయంత్రమే కావాలంటే జనరేటర్ అద్దెకు తెద్దాం. మీకేది సమ్మతమో గురువారం సాయంత్రంలోగా మా ఇంటికి కబురు చేయండి.

ఉదయమైతే మైకు కూడా అక్కర్లేదు. ఆవిడ బూత్‌లో నిలబడి కువైట్‌కీ మస్కట్‌కీ వినపడేలా అరిచినవాళ్లమే కదా మనమంతా.