మాసి వీధిలో జెర్రి

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఇలవేలుపు మీద ఒట్టు, రాత్రి తినబోయే అన్నం మీద ఒట్టు. నన్నెరిగిన పీలమేడు జనం నవ్వితే నవ్వనివ్వండి. మదురై పోయొచ్చింది నేను, వాళ్ళు కాదు.

ఎందుకు పోయానంటే, మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది. పుట్టి పెరిగిందంతా కోయంబత్తూరులో ఈ పీలమేడే. బయట తమిళం, గడప లోపల తెలుగు, తరతరాలుగా ఇంతే. ఆ గడప లోపల చివరికి మిగిలింది నేనూ నా భార్యా. కిందటేడు ఆమె పోయింది. పంపుసెట్ల అంగడిలో పొద్దస్తమానం తమిళం మాట్లాడి, ఇంటికొచ్చి తాళం తీసి, "కాఫీ పెట్టేదా?" అని నన్ను నేనే అడుక్కునేవాణ్ణి. ఆమె పుట్టిల్లు మదురై, ఇప్పుడక్కడ ఆమెవాళ్ళెవరూ లేరు. మీనాక్షమ్మ గుడి చుట్టూ ఉండే మాసి వీధుల్లో మనవాళ్ళ పాత మేడలు ఇంకా ఉన్నాయనీ, లోపల తెలుగే మాట్లాడతారనీ అనేది. ఆ మేడలు చూసినట్టూ ఉంటుంది, ఒక్క మనిషైనా తెలుగులో బదులిస్తే వినొచ్చు అనుకున్నాను.

పొద్దున ఆరింటికి సింగానల్లూరు బస్టాండు. మదురైకి బస్సులకు కొదవలేదు, టికెట్టు ఎక్కాకే. ఎడమవైపు కూర్చోకండి, ఎండ. ధారాపురంలో ఇడ్లీ తిన్నాను. ఒట్టంచత్రంలో మునగకాయల వ్యాపారి ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

"మదురైలో ఎవరున్నారణ్ణా?" అన్నాడు తమిళంలో.

"రాజుగారి మనవణ్ణి. మా మహలు అద్దె వసూలుకి పోతున్నా."

"అయితే బస్సెందుకు?"

"ఏనుగుకి కాలు నొప్పి."

దిండిగల్లులో దిగేటప్పుడు, "తాతగారికివ్వండి" అని రెండు మునగకాయలు నా చేతిలో పెట్టాడు.

పదకొండున్నరకి ఆరప్పాళయంలో దిగి, టౌను బస్సులో నాయకరాజుల మహలుకి చేరాను. టికెట్టు కొద్ది రూపాయలే. స్తంభాలు ఎంత లావంటే, ఒకదాన్ని చుట్టి వచ్చేసరికి మళ్ళీ ఆకలేసింది. పావురాలు తప్ప పెద్దగా జనం లేరు. నడిమి మండపంలో నిలబడి, "ఎవరైనా ఉన్నారా?" అని తెలుగులో కేకేశాను. ప్రతిధ్వని తమిళంలో, "యారదు?" అంది, ఎవరది అని. కాపలావాడూ అదే అడిగాడు, ఇంకాస్త గట్టిగా.

కొంచెం దూరంలో, బట్టల కొట్ల సందులో, అదే మహలువట, పది స్తంభాలు నిలబడి ఉన్నాయి. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు. పక్కనుంచి స్కూటర్లు పోతున్నాయి. అక్కడ అనుకున్నదానికన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.

తర్వాత మాసి వీధులు. మనవాళ్ళు ఇద్దరు వీధిలో ఎదురైనా తమిళమే మాట్లాడతారు, కాబట్టి ఎవరెవరో తెలియదు. దానికి నా దగ్గరొక ఉపాయం ఉంది. చెక్కడపు తలుపులూ రంగుటద్దాల కిటికీలూ ఉన్న ప్రతి మేడ ముందూ ఆగి, "అయ్యో, జెర్రి!" అని అరిచేవాణ్ణి. పామన్నా తేలన్నా తమిళం వాళ్ళకీ తెలిసిపోతుంది. జెర్రి మనకే. మూడు మేడల ముందు అరిచాను. ఎవరూ కదల్లేదు. ఒక కుక్క మాత్రం లేచి దూరంగా పోయి పడుకుంది.

నాలుగో మేడ అరుగు మీద ఒక ముసలావిడ చేటలో చిక్కుడుకాయలు తుంచుతోంది. "అయ్యో, కాళ్ళ కింద జెర్రి!" అన్నాను. తల ఎత్తలేదు. రెండు కాళ్ళూ మాత్రం టక్కున అరుగు మీదికి లాక్కుంది.

"యాడ?" అంది.

"లేదమ్మా, ఊరికే అన్నా."

"ఊరికేనా! యా ఊరు తంబీ?"

"కోయంబత్తూరు."

"ఈ అబద్ధం చెప్పేదానికి అంత దూరం నించి వస్తివా? ఆ ఊళ్ళో వినేవాళ్ళు లేరా?"

"లేరమ్మా."

ఆ ఒక్కసారి కథ అల్లలేకపోయాను. ఆవిడ చేట పక్కకు జరిపింది. కూర్చుని మునగకాయలు చేటలో పెట్టాను. తెరిచిన తలుపులోంచి నల్లరాతి స్తంభాలూ, ఆకాశం కనిపించే మండువా లోగిలీ, మనిషి లేని ఊయల బల్లా కనిపించాయి.

"నీకు వినేదానికి లేరు, నాకు తిట్టేదానికి లేరు," అంది. "కోడలు తమిళ పిల్ల. బంగారం. తెలుగులో తిడితే నవ్వుకుంటా కాపీ తెచ్చిస్తాది. ఏం చేసేది, చెప్పు?"

"నన్ను తిట్టమ్మా."

తిట్టింది. గుండీ ఊడిన చొక్కాకీ, మాసిన గడ్డానికీ, ఇంత వయసొచ్చి వీధిలో అరిచినందుకూ, వరసగా. ఏడాదిగా అంత సుఖంగా ఎక్కడా కూర్చోలేదు. ఇంతలో కోడలు లోపలినించి తమిళంలో భోజనానికి పిలిచింది. ఆవిడ లేచి, "మళ్ళా రా తంబీ, ఇంకా సగం తిట్లు మిగిలుండాయి," అని లోపలికి పోయింది.

మూడున్నర బస్సుకి తిరుగుప్రయాణం. మేడలు చూడాలనుకునేవాళ్ళు తప్పకుండా పోండి. ఒక పూట చాలు. చూడ్డానికి బయటివైపే ఎక్కువ దొరుకుతుంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. ప్రతిధ్వని తమిళంలో అడిగింది నిజమే. "మళ్ళా రా తంబీ" మాత్రం ఆవిడ అనలేదు. కోడలు పిలవగానే చేట ఎత్తుకుని, వెనక్కి చూడకుండా పోయింది. ఆ మాట ధారాపురం దాటాక, కిటికీ వైపు తిరిగి, ఆవిడ గొంతుతో నేనే అనుకున్నాను. కాస్త పైకే అనుకున్నట్టున్నాను.

"ఏమన్నారు?" అన్నాడు పక్క సీటాయన తమిళంలో.

"ఏమీ లేదు," అన్నాను, తమిళంలోనే.