నాన్న అతికించిన పేజీలు

నిన్న అమీర్‌పేటలో కోచింగ్ పోస్టర్లు అంటిస్తున్న మనిషి బకెట్లోంచి మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన వచ్చింది. యాభై ఏళ్లు దాటినా ఆ వాసనంటే నాకు కోపమే.

పంజాగుట్టలో మా అద్దె ఇంట్లో, ఎండాకాలం ఆదివారాల్లో, అమ్మ డాబామీద మామిడి తాండ్ర ఆరబెట్టి, కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టి, కిందికి దిగి కిరసనాయిలు స్టవ్ మీద ఆ జిగురు ఉడికించేది. తలంటు పోసుకున్న నాన్న చాపమీద కూర్చుని, అక్క కాలేజీకి కావలసిన ఇంగ్లిష్ నవలలు ముందు తాను చదివి, ఆడపిల్లలకు తగవనుకున్న పేజీలను స్టీలు స్కేలుతో నొక్కి మరీ అతికించేవారు. పాత నవలల్లో అమ్మాయిలు కిటికీ దగ్గర ఉత్తరం కోసం ఎదురుచూసి చివరికి పెళ్లి చేసుకునేవారు కనుక వాటికి జిగురు అవసరం రాలేదు. కొత్త నవలల్లో వాళ్లు ఉద్యోగాలు వెతుక్కున్నారు, మొగుళ్లకు ఎదురు చెప్పారు, పెట్టె సర్దుకున్నారు. అతికిన కాగితాలను మేం ఎండకు ఎత్తి చదవబోతే, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి చీమల బారుల్లా కనిపించేవి. ఏ నవలలో ఏ అధ్యాయం మూసుకుపోయిందో నా డైరీలో రాసుకునేదాన్ని.

"అందులో ఏముంది నాన్నా?" అని అక్క అడిగితే, "ఏముంటుందమ్మా, బుద్ధి తెచ్చుకుని ఇంటికొచ్చింది," అనేవారు.

బి.ఏ. ఆఖరి పరీక్షలో అలాంటి ఒక నవల గురించే ప్రశ్న వచ్చింది: నాయికలో వచ్చిన మార్పు ఏమిటి? ఆమె తిరిగొచ్చిందని అక్క నాలుగు పేజీలు రాసి, పరీక్ష తప్పింది. "చదివింది చాల్లే," అని నాన్న మళ్లీ రాయనివ్వలేదు. జిగురు సంగతి నేనూ ఎత్తలేదు. ఆనాటి డైరీలో ‘అక్క తప్పింది’ అని రెండే మాటలున్నాయి.

ఆ నవలే, జిగురు తగలని ప్రతి ఒకటి, నిన్న పాత పుస్తకాల బండిమీద కనిపించింది. "అమ్మా, మస్తు పాతది గది, జర మెల్లగ తిప్పుర్రి," అన్నాడు బండతను. కొనుక్కుని నేరుగా శ్రీనగర్ కాలనీలో అక్క దగ్గరికి వెళ్లాను. ఆమెకిప్పుడు చూపు ఆనడం లేదు. నాన్న మూసేసిన అధ్యాయాలు నేనే చదివి వినిపించసాగాను.

"చివరికి తిరిగొచ్చిందా?" అంది ఆగలేక. ఆఖరి పేజీలు తిప్పి చూశాను.

"లేదక్కా. టీచరైంది. వెళ్లిన ఊళ్లోనే ఉండిపోయింది."

అక్క పుస్తకాన్ని చేత్తో తడిమింది. కోప్పడదామంటే నాన్న లేరు, ఆ డాబా ఉన్నచోట చీరల షోరూం ఉంది.

"ప్రశ్న నాకింకా గుర్తుందే. నీ డైరీ తియ్యి, చెబుతా రాసుకో."

"ఇప్పుడెవరు దిద్దుతారక్కా?" అన్నాను విసుగ్గా.

"ముందు నువ్వు రాయవే!"