మాస్టారి గడ్డిచిమ్మట

మా మామయ్య చచ్చినా ఏదీ ఖాయంగా చెప్పడు. మ్యూజియంలో పురుగుల గది ఆయనది. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు సహాయకురాలిగా ఉన్నదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

"భోజనం అయిందా?" అంటే "అయినట్టే ఉంది" అంటాడు. "వాన పడుతోందా?" అంటే కిటికీలోంచి చెయ్యి చాచి, తడిసిన అరచేతిని చాలాసేపు చూసుకుని, "ఇంకాస్త చూడాలి" అంటాడు.

"ఇరవయ్యారేళ్ల కాపురమే! నేనంటే ఇష్టమేనా అని అడిగితే, ఇంతవరకు వ్యతిరేకంగా ఆధారాలేం దొరకలేదంటాడు" అని వాపోయేది అత్తయ్య.

మామయ్యకి చదువు చెప్పిన మాస్టారు యాభయ్యేళ్ల కిందట ఓ గడ్డిచిమ్మటని కొత్త రకమని గుర్తించి పేరు పెట్టారు. ఆయన జీవితానికి అదొక్కటే ఘనత. ఆ చిమ్మట రెక్కలు ముడుచుకుని గడ్డిపరక మీద తలకిందులుగా వాలితే పరకేదో పురుగేదో తెలీదు. దాని గొంగళిపురుగులు గడ్డి మొదట్లో పట్టుగొట్టం అల్లుకుని, అందులోంచి తల చాచి పరకలు కొరుక్కుతింటాయి. రెక్కమీద వెండిచార ఉన్న మరో రకం అంతకుముందే అందరికీ తెలుసు. చార లేనిది మాస్టారిది.

నేను ఒక వెండిచార తల్లి గుడ్లని గడ్డికుండీల్లో పెంచాను. తడి కుండీలో చార ఉన్నవి పుట్టాయి, ఎండు కుండీలో చార లేనివి. ఒక్క తల్లి పిల్లలే! అంటే మాస్టారిది వేరే రకమే కాదు, ఆ పేరు కొట్టేయాల్సిందే. నా కాళ్లు నేలమీద ఆనలేదు. వ్యాసం రాసి మామయ్య ముందు పెట్టాను.

"ఇంకో తరం చూద్దాం."

అలా నాలుగు తరాలు చూశాం. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ పిరికితనానికి నా పని బలైపోవాలా మామయ్యా?"

ఆయన సొరుగులోంచి ఓ కాగితం తీసి ఇచ్చాడు. ఆయన దస్తూరి, పంతొమ్మిదేళ్ల కిందటి తేదీ. అదే ప్రయోగం, అవే ఫలితాలు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?"

"మాస్టారింకా ఉన్నారు కదే" అన్నాడు. నాకు సిగ్గేసింది.

మర్నాడు మాస్టారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. ఎనభై ఏడేళ్లొచ్చినా నెలకోసారి తన చిమ్మటని చూసుకోకపోతే ఆయనకి తోచదు.

"ఏరా, నా చిమ్మట వేరే రకమేనా?"

"ఖాయంగా వేరే రకమే, మాస్టారూ!"

మాస్టారు మామయ్య మొహంలోకి తేరిపార చూశారు. "వాన పడుతోందని కూడా ఖాయంగా చెప్పనివాడివి! అయితే నా చిమ్మట పోయిందన్నమాట." కుర్చీలో కూలబడ్డారు. తరవాత బల్లమీదున్న నా కాగితాల వైపు చెయ్యి చాచారు. "వ్యాసం ఇలా తే, అమ్మాయ్."

దాంతోపాటున్న మామయ్య పాత కాగితం కూడా ఆసాంతం చదివి, "బాగా రాశావు. ముగ్గురి పేర్లూ వెయ్యి" అన్నారు. "తప్పు చేసింది నేను, దాచింది వీడు, పట్టుకున్నది నువ్వు."

అలాగే వేశాం. ముందు మాస్టారి పేరే ఉండాలని నేను పట్టుబట్టాను.