అంగిట్లో తగిలిన మొండి వేలు

రెండు వేల ఇరవై నాలుగు, అక్టోబరు రెండు, బుధవారం, పెత్రామాస, అంటే పెద్దల అమావాస్య. పొద్దున పదకొండుంబావుకు మొదలైంది. గడియారం చూసే చెబుతున్నాను. పన్నెండు దాటకముందే పెద్దలకు విస్తరి వెయ్యాలని మా ఇంట్లో పట్టింపు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నాకు డెబ్బై ఒక్కేళ్ళు. దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున, పొగాకు పందిళ్ళ కింద ఒంటరిగా కావలి పడుకున్నదాన్ని. ఎలుగుబంటిని ఒకసారి చూశాను. దయ్యాన్ని చూడలేదు. చూశామని చెప్పేవాళ్ళను ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగితే చాలు, సగం మంది మాట మార్చేవాళ్ళు.

మా అత్త పైడమ్మ వాళ్ళది శ్రీకాకుళం వైపు. పొగాకు సాగు కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆ వైపు ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ తాగుతారు. అంటే నిప్పున్న కొన నోట్లోకి, చల్లటి కొన బయటికి. గాలికి ఆరదు, నాట్లలో వానకు తడవదు, చంకలో ఉన్న పిల్లకు నిప్పు తగలదు. నేను కోడలిగా వచ్చిన ఏడాదే అత్త నాకు నేర్పింది.

మొదట్లో అంగిలి కాలి బొబ్బలెక్కేది. అత్త నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, వెన్నలో పసుపు కలిపి చూపుడు వేలితో రాసేది. ఆ వేలికి పై కణుపు లేదు. పొగాకు నరికే కత్తికి పోయింది. గోరు లేదు, కొసన గరుకైన కాయ. ఆ మొండి వేలు నోట్లో పెడితే వేరే ఎవరిదో అనుకోవడానికి వీల్లేదు.

"ఏటే, కాలిందని ఏడుస్తావేటి? ఓర్సుకో. అంగిలి పండిపోతే ఇంక నిప్పే నిన్ను సూసి బయపడాల" అనేది.

నిజంగానే కొన్నేళ్ళకు అంగిలి తెల్లబడి మొద్దుబారింది. దాన్నే మేం పండటం అనుకునేవాళ్ళం. కాఫీ ఎంత వేడిగా ఉన్నా తాగేసేదాన్ని. అదొక నేర్పని గొప్పగా ఉండేది.

అత్త పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో పోయింది. అంగిట్లో పుండు. చివరి నెలల్లో గంజి కూడా దిగేది కాదు. అప్పుడు వెన్న రాసింది నేను. ఆ పుండుకూ చుట్టకూ సంబంధం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె పోయాక కూడా నేను తాగుతూనే ఉన్నాను.

పెత్రామాస నాడు చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెట్టడం ఇక్కడి ఆచారం. కల్లు ఇష్టమైతే కల్లు, బీడీ ఇష్టమైతే బీడీ. మా అత్తకు చుట్ట. ఏటా నేనే దాన్ని వెలిగించి, అడ్డపొగగా రెండు దమ్ములు లాగి, విస్తరి పక్కన ఆనించి పెడతాను. చివరిదాకా కాలి బూడిదవుతుంది. ఏ ఏడూ మధ్యలో ఆరింది లేదు.

ఆ రోజు చుట్ట వెలిగించి నోట్లోకి తిప్పగానే ఆరిపోయింది. తీసి చూస్తే కొన తడిగా ఉంది. రెండోది వెలిగించాను. అదీ అంతే. నా కోడలు సుజాత వంటింట్లోంచి తొంగి చూసింది.

"అత్తమ్మా, మెత్తబడ్డయేమో, ఇంకోటి తియ్యి. మీ అత్త ఎంతసేపు కూసుంటది ఆకు ముంగట? అన్నం సల్లారిపోతాంది."

"మెత్తబడలేదే. ఇదే కట్టలోది పొద్దున తాగిన."

"అయితే ఆమెనే ఊదుతాంది. మనవరాండ్లు పుట్టినా నువ్వింకా మానలేదని కోపమొచ్చిందేమో."

ఇద్దరం నవ్వాం. మూడో చుట్ట నోట్లో పెట్టుకున్నాను. ఆరింది. అది బయటికి తీసేలోపల నా అంగిట్లో, ఎడమ వైపు, వెనక దవడ పన్ను పక్కన, ఒక వేలు నొక్కింది.

ఏదో తగిలినట్టు కాదు, వేలే. గరుకు కాయ, గోరు లేదు. వెన్న రాసేటప్పుడు నొక్కినట్టే, ఒకచోట ఆగి గట్టిగా నొక్కి వదిలింది. వేడి కాఫీ తెలియని అంగిలికి ఆ వేలు తెలిసింది. చుట్ట కింద పడేసి కూర్చుండిపోయాను.

నా ముఖం చూసి సుజాత నవ్వు ఆపేసింది. సంగతి చెప్పాను. విస్తరి పని అయ్యాక నన్ను వాకిట్లో కూర్చోబెట్టి ఫోను లైటు వేసి నోట్లోకి చూసింది.

"అంతా సున్నమేసినట్టు తెల్లగుంది. నువ్వు చెప్పిన కాడ మాత్రం కందిగింజంత ఎర్రగుంది. నొస్తుందా?"

"లేదు."

"నొయ్యకున్నా సరే, రేపు ఖమ్మం పోదాం."

మర్నాడు పోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆమె లైటు వెయ్యకముందే నేను చోటు చూపించాను. అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"నొప్పి లేదంటున్నారు, పుండూ లేదు. ఇక్కడే అని ఎలా తెలిసిందమ్మా?"

ఎవరో నొక్కినట్టు అనిపించిందన్నాను. ఎవరన్నది చెప్పలేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక మళ్ళీ వెళ్ళాం. ఇంకా క్యాన్సర్ కాలేదనీ, వదిలేస్తే అయ్యే అవకాశం ఎక్కువనీ, ఆ భాగం కోసి తీసెయ్యాలనీ చెప్పింది. చుట్ట మళ్ళీ ముట్టుకుంటే ఆపరేషన్ చేసి లాభం లేదంది. నా చేతిసంచీలో ఉన్న కట్టను అక్కడే సుజాతకు ఇచ్చేశాను.

బస్సులో వస్తూ మా అత్త మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమెను చంపిన నిప్పే నా నోట్లోనూ పెట్టింది కదా అని. టేకులపల్లి దాటేదాకా ఆ వేలి మాట కూడా గుర్తు రాలేదు, కోపమే.

నవంబరు పన్నెండు, మంగళవారం ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చి, ఎర్రమచ్చను చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేశారు. గాయం మీద మందు గుడ్డ పెట్టి, అది కదలకుండా పళ్ళకు పట్టేలా ఒక ప్లాస్టిక్ ప్లేటు బిగించారు. వారం దాకా ఎవరూ తియ్యొద్దన్నారు. ఆ వారం పాలు, రాగిజావ తప్ప నేను ఏమీ తినలేదు.

పంతొమ్మిదో తేదీ డాక్టరమ్మ ప్లేటు తీసింది. గుడ్డ ఒక మూల, వేలి కొసంత మేర, పసుపుపచ్చగా ఉంది. ఆమె దాన్ని లైటు కిందకు తిప్పింది, వాసన చూసింది. సుజాత వైపు కోపంగా తిరిగింది.

"పసుపు పెట్టొద్దని చెప్పానా లేదా? వెన్న కూడానా?"

"నేనెందుకు పెడ్త మేడం? ఆ ప్లేటు మీరు బిగించిన్రు. తీసుడు నాకేడ వస్తది?"

ప్లేటు కదలలేదని డాక్టరమ్మకూ తెలుసు. మీ మందు రంగేమో అని నేనే అడిగాను. తాము పెట్టింది తెల్లదేనంది. కాసేపు చూసి గుడ్డను చెత్తబుట్టలో వేసింది. గాయం మాత్రం తను అనుకున్నదానికంటే శుభ్రంగా మానుతోందంది.

తీసిన ముక్క అంచుల్లో చెడు ఏమీ మిగల్లేదని తర్వాత రిపోర్టు వచ్చింది. ఇప్పటికీ చెప్పిన తేదీలకు వెళ్ళి చూపించుకుంటున్నాను. చుట్ట మానేసిన కొన్నాళ్ళకు ఒక పొద్దున కాఫీ అంగిట్లో చురుక్కుమంది. గ్లాసు దించి నవ్వుకున్నాను. అన్నేళ్ళ తర్వాత వేడి తెలిసింది. ఇప్పుడు ఊదుకుని తాగుతున్నాను, హాయిగా ఉంది.

మళ్ళీ పెత్రామాస వచ్చింది. విస్తట్లో చుట్ట పెట్టలేదు. వెన్నలో పసుపు కలిపి, చిన్న ఆకులో పెట్టాను. పన్నెండు దాటేదాకా నోరు కొంచెం తెరుచుకుని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. జరిగినవి రాసి జరగనిది వదిలేస్తే లెక్క తప్పుతుంది కనుక అదీ రాస్తున్నాను.

చెమ్మకు చుట్ట ఆరిపోవచ్చు, కాదనను. ఆ మచ్చ వల్లే అక్కడ ఏదో తగిలినట్టు ఉండవచ్చునని డాక్టరమ్మ తర్వాత అంది. అదీ కాదనను. కానీ గోరు లేని వేలు ఎందుకు? బిగించిన ప్లేటు కింద పసుపు ఎలా? ఎన్నిసార్లు కూడినా నాకు లెక్క కుదరడం లేదు.

పోయినవి ఇవి. అంగిట్లో ఎడమ వైపు రూపాయి బిళ్ళంత చర్మం. ఒక దవడ పన్ను, మచ్చకు ఆనుకుని ఉందని తీసేశారు. చుట్ట. పచ్చిమిర్చి కారం, అది ఇంకా పడటం లేదు. అత్త మీద బస్సులో వచ్చిన కోపం, అది ఆ నవంబరు పంతొమ్మిదిన పసుపు అంటిన గుడ్డ చూసేదాకానే ఉంది.