గవాక్షి కింద ఫోటో

వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో నెహెమ్యా తీసిన ఫోటో లేని ఇల్లు తక్కువ. నెహెమ్యాను కాసేపు కూర్చోమన్న ఇల్లు అంతకంటే తక్కువ. రెంటికీ కారణం ఒక్కటే. ఆయన మంచం పట్టిన ముసలివాళ్ల ఫోటోలు తీస్తాడు. పటం కట్టించి, రేపు దండ వేయడానికి పనికొచ్చే ఫోటోలు. ఎందుకు తీయిస్తున్నారో తీయించేవాళ్లకు తెలుసు, తీసేవాడికి తెలుసు, మంచంలో ఉన్న మనిషికి అందరికంటే ముందే తెలుసు. నోరు విప్పి అనేవాళ్లు మాత్రం ఉండరు.

మంచాన్ని ఎండలోకి తెచ్చి తీస్తే ఏం పోయిందని పట్నంవాళ్లు అడుగుతారు. పోయేది ప్రాణమే. కొన ఊపిరితో ఉన్నవాళ్లను ఇంట్లోంచి బయటికి తెచ్చి పడుకోబెట్టడం ఇక్కడి ఆచారం. అందుకని ఊపిరి ఇంకా గట్టిగా ఉన్న మనిషిని మంచంతో సహా వాకిట్లోకి ఎత్తితే చావును పిలిచినట్టే లెక్క. ఫోటో లోపలే తీయాలి. లోపలంటే మట్టి మిద్దె, పట్టపగలు కూడా చీకటి. వెలుతురు కోసం కప్పులో వదిలిన చిన్న కంత, గవాక్షి, అదొక్కటే దిక్కు.

ఫ్లాష్ కొడితే ముఖం సున్నం పూసినట్టు తెల్లబడి, బతికున్న మనిషే శవంలా కనిపిస్తాడు. మొదట్లో అలా తీసిన ఫోటోలను ఒకరిద్దరు ఆయన ముఖాన కొట్టినంత పని చేశారు. సెల్‌ఫోన్లు వచ్చాక మనవళ్లు తీయబోయారు గానీ, ఆ చీకట్లో ఫోను ముడతలన్నీ నున్నగా తుడిచేసి అవ్వను పెళ్లికూతురిని చేసి పెడుతుంది. చచ్చినట్టు మళ్లీ నెహెమ్యా దగ్గరికే రావాలి. ఆయన దగ్గర రీలు కెమెరాల కాలం నాటి లెన్స్ ఒకటి ఉంది. కడపలో కొన్న పాత డిజిటల్ కెమెరాకు దాన్ని తగిలించుకున్నాడు. కొద్దిపాటి వెలుతురు చాలు దానికి. కాకపోతే తనంతట తాను ఏమీ చేయదు. రింగును చేత్తో తిప్పుతూ, మసకగా ఉన్న ముఖం తేటపడేదాకా చూసి నొక్కాలి. నెహెమ్యా గవాక్షి ఎండ పడినచోట తెల్ల పంచె పరుస్తాడు. ఆ వెలుగు కింది నుంచి లేచి ముఖానికి తగులుతుంది. కంట్లో ఆవగింజంత మెరుపు పుడుతుంది. దాన్ని పట్టుకుంటే ఫోటో వచ్చినట్టే.

పని దొరికింది గానీ పేరు చెడింది. భుజాన సంచితో ఆయన బస్సు దిగితే "ఎవురింటికప్పా?" అని అడిగేవాళ్లే గానీ "బాగుండావా?" అనే దిక్కు లేదు. పెళ్లిళ్లకు పిలవరు, బిడ్డను తొట్లెలో వేసే వేడుకకు అసలే పిలవరు. చివరికి ఆదివారం చర్చిలో కూడా వయసు మళ్లినవాళ్లు ఆయన కూర్చున్న చాప మీద కూర్చోరు. దేవుడి మీద ఎంత నమ్మకమున్నా ఎవరి జాగ్రత్త వాళ్లది మరి. భార్య జీవమ్మ బతికున్నన్నాళ్లూ ఇద్దరూ ఈ సంగతి చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆమె పోయాక అందులో నవ్వేం మిగల్లేదు.

ఒక్క తిమ్మయ్యే వేరు. దగ్గరి పల్లెలో చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న రైతు. ఎప్పుడో తన తల్లి ఫోటో తీయించిన రోజున, "పనైపోయిందని పోతావా? సంగటి తిని పో," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి వేంపల్లె సంతకు వచ్చినప్పుడల్లా నెహెమ్యా స్టూడియో ముందున్న బెంచీ మీద కూలబడి, టీ తెప్పించి, చీనీ చెట్ల తెగులు మొదలు ఎండిపోయిన బోరుబావి దాకా అన్నీ చెప్పి పోయేవాడు. వారమంతటికీ నెహెమ్యా మనసు విప్పి మాట్లాడే మాటలు అవే.

మొన్న ఎండాకాలంలో తిమ్మయ్య సంతకు రావడం మానేశాడు. మంచం పట్టాడని తెలిసింది. నెహెమ్యా కెమెరాను స్టూడియోలోనే పెట్టి తాళం వేసి, నాలుగు పండ్లు కొనుక్కుని ఉత్త భుజంతో బస్సెక్కాడు. కెమెరా లేకపోతే తానూ మామూలు మనిషేనని ఆయన నమ్మకం. పిచ్చి నమ్మకం. ఆయన్ను చూడగానే తిమ్మయ్య కోడలు సుప్రజ వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"మామ నిద్రపోతాండాడన్నా," అంది.

"లేసేదాకా ఈడ కూచుంటాలేమ్మా."

"వద్దన్నా, ఏమనుకోవద్దు. బాగైనాక నేనే ఫోను చేస్తా."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్లు ఆయన భుజం మీద సంచి కోసం వెతికాయి. లోపలి నుంచి దగ్గు వినిపించింది. నిద్రపోయే మనిషి దగ్గు కాదది. నెహెమ్యాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పండ్లు అరుగు మీద పెట్టి వచ్చేశాడు.

సుప్రజ అన్నట్టే ఫోను చేసింది. బాగైనందుకు కాదు. "అన్నా, కెమెరా తీసుకొని రా," అంది. వెంటనే పెట్టేసింది.

ఈసారి గడప దగ్గర ఎవరూ అడ్డం రాలేదు. మిద్దె లోపల మంచం మీద తిమ్మయ్య ఎముకల గూడై పడి ఉన్నాడు. చూపు మాత్రం పాతదే.

"ఇప్పుడు గుర్తొచ్చినానా? ఎన్ని దినాల్నుంచి నీ దావ చూస్తాండానో తెలుసునా?" అన్నాడు.

వాకిలి దగ్గరున్న సుప్రజ తల దించుకుంది. నెహెమ్యా ఆమె వైపు చూడలేదు.

"పనులుండె లే తిమ్మన్నా," అన్నాడు.

పంచె పరిచి, కెమెరాను కంటికి ఆనించి రింగు తిప్పాడు. తిమ్మయ్య కంట్లో మెరుపు ఇట్టే దొరికింది. నొక్కితే అయిపోతుంది. అయిపోతే లేచి పోవాలి. ఆ సంగతి తట్టగానే వేలు ఆగిపోయింది. రింగును కొంచెం పక్కకు తిప్పాడు. ముఖం మసకబారింది.

"వెలుతురు సాల్లేదు. కొంచేపు చూద్దాం," అన్నాడు.

ఇన్నేళ్లలో వెలుతురు గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. ఆ పూటంతా ఇద్దరూ తోట గురించి, సంత గురించి, జీవమ్మ వంట గురించి మాట్లాడుకున్నారు. సుప్రజ తొంగిచూసి "ఇంగా కాలేదా అన్నా?" అంది. "చేత్తో తిప్పే లెన్సమ్మా, తొందరపడితే కుదరదు," అన్నాడు. ఎండ గోడ మీదికి ఎక్కాక, రేపు రావల్ల అంటూ సర్దుకున్నాడు. మరునాడు మబ్బు పట్టిందన్నాడు. ఆ మరునాడు పంచె మాసిందన్నాడు. సుప్రజకు ఏం అర్థమైందో గానీ, అడగడం మానేసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం తిమ్మయ్యకు మాట సన్నబడింది. ఆయాసపడుతూ చెయ్యి చాపి లెన్స్ మీద పెట్టాడు.

"ఇది ఎప్పుడో కుదిరింది గదప్పా," అన్నాడు.

నెహెమ్యా తల వంచుకుని, సరిగ్గానే ఉన్న పంచెను మళ్లీ సరిచేశాడు.

"మాయమ్మ ఫోటో టీ చల్లారేలోపల తీసినోడివి. నాకు తెలీదా? ఈ పొద్దు తీయప్పా. నవ్వే ఓపిక ఇంగా కొంచెం ఉండాది."

నెహెమ్యా కెమెరా ఎత్తాడు. ఎంత తిప్పినా మసకే. ఈసారి అబద్ధం కాదు, కన్నీళ్లు. తుండుగుడ్డతో కళ్లు తుడుచుకుని, మళ్లీ తిప్పి, తిమ్మయ్య నవ్వుతుంటే నొక్కాడు.

"వచ్చిందా?"

"వచ్చింది తిమ్మన్నా."

తిమ్మయ్య అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. నెహెమ్యా లెన్స్‌కు మూత పెట్టి, పంచె మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఇక ఆ ఇంట్లో కూర్చోవడానికి ఆయనకు కారణమేమీ లేదు.